ఉపాధ్యాయుని యోగ్యతా పత్రము, కొలువు ఒడంబడిక: పంచాయతీ సభ్యులు తెలిసికొనదగిన సంగతులు

గ్రామమున చెరువు గట్టు తెగినచో పంచాయతీ సభ్యులు తత్‌క్షణమే పోయి చూతురు. వీధి దీపము వెలుగనిచో ప్రజలు వచ్చి అడుగుదురు. కాని ఊరి బడిలో పాఠము చెప్పుచున్న వారి కెట్టి యోగ్యత గలదు, వారు ఏ విధమైన ఒడంబడికపై పని చేయుచున్నారు అను ప్రశ్న నడుగువారు అరుదు. ఇది విద్యాశాఖ వారి పని, మనకేల యని పలువురు తలంతురు. ఈ తలంపు సరికాదు. రాజ్యాంగము పదునొకండవ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగింపదగిన విషయముల పట్టికయందు ప్రాథమిక, మాధ్యమిక విద్యయు చేరియున్నది. అంతేకాక, యోగ్యత లేని కొలువు వలన నష్టపడువారు ఊరి పిల్లలు. వారితోపాటు ఆ కొలువును నమ్ముకొన్న ఊరి యువతీ యువకులును నష్టపడుదురు. ఈ రెండు నష్టములును ముందుగా తెలిసికొన్నచో నివారింపదగినవే. అందుచేత ఉపాధ్యాయుల యోగ్యతకు సంబంధించిన నిబంధనలను, అవి కొలువు ఒడంబడికపై చూపు ప్రభావమును శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పంచాయతీ సభ్యులకు తెలియునట్లు వివరింపదలచితిమి.

ఒక ఉదాహరణ

ముందుగా ఒక సంగతి నూహింతము. నాగావళి యొడ్డున ఒక చిన్న గ్రామము. బడిలో ఇద్దరు ఉపాధ్యాయులు ఉండవలసి యుండగా ఒకరికి బదిలీ అయినది. ఖాళీ నిండలేదు. ఒక్కరే అయిదు తరగతులను చూడజాలక యున్నారు. సర్పంచి, పెద్దలు ఆలోచించి ఆ ఊరి కోడలు, డిగ్రీ చదివిన యువతి నొకరిని బడికి రమ్మనిరి. చందాలు వసూలు చేసి నెలకు కొంత గౌరవ వేతనము నిచ్చుచుండిరి. ఆమె శ్రద్ధగా పని చేసెను. పిల్లలు ఆమెకు చేరువైరి. ఇట్లు అయిదేండ్లు గడచెను. అంతట ఎంపిక పరీక్షలో నెగ్గిన శాశ్వతోపాధ్యాయుడు ఉత్తర్వులతో వచ్చి పనిలో చేరెను. ఆమె సర్పంచిగారి యింటికి పోయి, "బాబూ, అయిదేండ్లు బడిని నడిపితిని గదా, ఇప్పుడు నా గతి యేమి?" అని యడిగెను. సర్పంచిగారు చెప్పగలిగిన సమాధానము లేదు. "అమ్మా, మావల్ల అయ్యే పని కాదు" అని మాత్రము చెప్పగలిగిరి.

ఇందు తప్పెవరిది? వచ్చిన ఉపాధ్యాయునిది కాదు. ఆమెది అసలే కాదు. ఆ గ్రామము వారు మొదటి యేడే ఆమెతో, "అమ్మా, నీవు ట్రెయినింగు పూర్తి చేయుము, అర్హత పరీక్ష వ్రాయుము, ఆ పత్రములు లేనిదే ఈ కొలువు నిలువదు" అని చెప్పియుండవలసినది. అయిదేండ్లలో రెండేండ్ల శిక్షణము ముగించుటకు కాలము చాలును. చెప్పువారు లేకపోయిరి. ఈ వ్యాసమంతయు ఆ ఒక్క మాటను ముందుగా చెప్పుట కొరకే.

మునుపటి పద్ధతి

యోగ్యతా పత్రమును అడుగుట నూతనముగ పుట్టిన ఆచారము కాదు. పూర్వము మన పల్లెలలో అరుగు బడులుండెడివి. పంతులుగారు ఊరివారిచ్చు ధాన్యముతో, పండుగ కానుకలతో కాలము గడపెడివారు. వారికి ఒడంబడిక యనునది ఊరి మాటయే. పిదప ఈ ప్రాంతము మద్రాసు రాజధానిలో నుండిన కాలమున బడులు బోర్డుల పాలనలోనికి, ప్రభుత్వ సహాయము క్రిందికి వచ్చినవి. అప్పటినుండి ఉపాధ్యాయులకు గ్రేడులు ఏర్పడెను. సెకండరీ గ్రేడు, హయ్యరు ఎలిమెంటరీ గ్రేడు వంటి పేర్లు వారు పొందిన శిక్షణ సర్టిఫికెట్టును బట్టి వచ్చినవే. ట్రెయినింగు అయిన మేస్టరుకు ఒక జీతము, కానివారికి తక్కువ జీతము. నేడు ప్రాథమిక పాఠశాలలో పనిచేయు వారిని సెకండరీ గ్రేడు టీచరు అని పిలుచుట ఆ కాలపు గుర్తే.

1959 లో పంచాయతీ సమితుల, జిల్లా పరిషత్తుల చట్టము వచ్చినప్పుడు ప్రాథమిక పాఠశాలలు సమితుల క్రిందికి, ఉన్నత పాఠశాలలు జిల్లా పరిషత్తుల క్రిందికి చేరినవి. తరువాత సమితుల స్థానమున మండలములు వచ్చినవి. నేటికిని మన ఊరి బడి బోర్డుపై మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల అని కనబడుట అందుచేతనే.

నడుమ కొంత కాలము, ఉపాధ్యాయులు చాలకపోవుట వలన, తక్కువ మొత్తముపై తాత్కాలిక నియామకములు జరిగినవి. 1980 దశకములో నెలకు రు. 398 ల నిర్ణీత వేతనముపై పనిచేసిన స్పెషల్ టీచర్లను మన పెద్దలెరుగుదురు. అనంతరము విద్యా వాలంటీర్లు వచ్చిరి. వీరందరి అనుభవము ఒకే సంగతిని చెప్పుచున్నది: పని ఒకటే యైనను, ఒడంబడికలో భేదమున్నచో జీతము, భద్రత, వృద్ధాప్యమున ఆధారము అన్నియు మారిపోవును.

చట్టము ఏమి చెప్పుచున్నది?

2002 లో రాజ్యాంగమునకు జరిగిన 86వ సవరణ వలన 6 నుండి 14 ఏండ్ల వయసు గల బాలబాలికలకు ఉచిత నిర్బంధ విద్య ప్రాథమిక హక్కయ్యెను. ఆ హక్కును అమలు పరచుటకు 2009 లో పార్లమెంటు చేసిన విద్యా హక్కు చట్టము 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చినది. ఈ చట్టము 23వ విభాగము ఉపాధ్యాయుల యోగ్యతను గూర్చినది. కేంద్ర ప్రభుత్వము నియమించిన విద్యా సంస్థ ఏ కనీస యోగ్యతలను నిర్ణయించునో అవి యున్నవారే ఉపాధ్యాయ నియామకమునకు అర్హులు. ఆ సంస్థ జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి. ఆ మండలి 2010 ఆగస్టు 23 న కనీస యోగ్యతలను ప్రకటించినది.

వాని సారాంశమిది. 1 నుండి 5 తరగతులకు బోధించువారు ఇంటర్మీడియేట్‌లో సామాన్యముగ 50 శాతము మార్కులు పొంది, రెండేండ్ల డి.ఎల్.ఎడ్. అను ప్రాథమిక విద్యా డిప్లొమా పూర్తి చేసియుండవలెను. 6 నుండి 8 తరగతులకు డిగ్రీతో పాటు బి.ఎడ్. గాని, ఆ డిప్లొమా గాని యుండవలెను. షెడ్యూల్డు కులములు, తెగలు మొదలగు వర్గముల వారికి మార్కులలో 5 శాతము వరకు సడలింపు గలదు. ఇవిగాక ఇరు స్థాయిలవారును టెట్ అనబడు ఉపాధ్యాయ అర్హత పరీక్షయందు ఉత్తీర్ణులు కావలెను.

మన రాష్ట్రమున ఈ పరీక్ష 2011 లో ఆరంభమైనది. దీనికి 150 మార్కులు. ప్రాథమిక తరగతుల పత్రములో శిశు వికాసము, రెండు భాషలు, గణితము, పరిసరముల విజ్ఞానము అను అయిదు భాగములుండును. ఒక్కొక్కదానికి 30 మార్కులు. సామాన్య వర్గము వారికి 60 శాతము, వెనుకబడిన తరగతుల వారికి 50 శాతము, షెడ్యూల్డు కులములు, తెగలు, వికలాంగులకు 40 శాతము వచ్చిన ఉత్తీర్ణులు. పూర్వము ఈ సర్టిఫికెట్టుకు ఏడేండ్ల గడువుండెను. 2021 లో ఆ గడువును తొలగించి, 2011 నుండి వర్తించునట్లు, జీవితకాలము చెల్లునదిగా చేసిరి. కావున పాత సర్టిఫికెట్టు చెల్లదేమో యని ఎవరును దానిని పారవేయరాదు.

ఒక సంగతి గుర్తుంచుకొనవలెను. టెట్ ఉత్తీర్ణత కొలువునకు అర్హతయే గాని కొలువు కాదు. ప్రభుత్వ పాఠశాలలలో శాశ్వత నియామకము డి.యస్సీ. అని ప్రజలెరిగిన ఎంపిక పరీక్ష ద్వారా జరుగును. అందు 80 శాతము ఎంపిక పరీక్షకు, 20 శాతము టెట్ మార్కులకు ప్రాముఖ్యము నిచ్చుచున్నారు. 2025 ఏప్రిల్‌లో 16,347 ఖాళీలకు వెలువడిన ప్రకటన ఈ పద్ధతిపైననే జరిగినది.

పత్రము ఎందుకు?

"మా తాతగారు ఏ ట్రెయినింగు లేకయే ఎక్కములు చెప్పిరి గదా" అని కొందరందురు. పాఠము తెలియుట వేరు, పాఠము చెప్పుట తెలియుట వేరు. రెండవ తరగతి బిడ్డ 42 లో నుండి 17 తీసివేయుమనిన 35 అని వ్రాసినాడనుకొందము. శిక్షణ లేనివారు తప్పు అని కొట్టివేసి మరల చేయుమందురు. బిడ్డ మరల 35 యే వ్రాయును. శిక్షణ పొందినవారు ఆ తప్పు ఎక్కడ పుట్టినదో చూతురు. 2 లో నుండి 7 పోదు గనుక బిడ్డ 7 లో నుండి 2 ను తీసివేసినాడు. అప్పుడు వారు చీపురు పుల్లలను పదేసి కట్టలుగ కట్టి నాలుగు కట్టలు, రెండు విడి పుల్లలు చేతికిచ్చి, ఒక కట్టను విప్పించి 25 వచ్చునట్లు చూపుదురు. అప్పు తెచ్చుకొనుట అను మాట బిడ్డకు అర్థమగును. మన పల్లెలలో ఒకరిద్దరే అయిదు తరగతులను నడుపవలసియున్న బడులు గలవు. అట్టి బడిలో ఈ నేర్పు లేనిచో నష్టము రెట్టింపగును.

ఒడంబడికపై ప్రభావము

ఉపాధ్యాయుని కొలువు మూడు విధములుగ నుండును. శాశ్వత నియామకమున సర్వీసు రిజిస్టరు, వార్షిక వృద్ధి, సెలవులు, బదిలీ హక్కు ఉండును. కాంట్రాక్టు నియామకము నిర్ణీత కాలమునకు; కాలము ముగిసిన తోడనే ఒడంబడికయు ముగియును. మూడవది గౌరవ వేతనముపై, ప్రాయశః ఒక విద్యా సంవత్సరమునకు, ఖాళీ నిండువరకు. గ్రామస్థులు చందాలతో పెట్టుకొన్నవారు ఈ మూడింటిలో దేనికిని చెందరు. ఏలననగా ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయుని నియమించు అధికారము గ్రామ పంచాయతీకి లేదు. పంచాయతీ తీర్మానపు కాగితము ఎంత గౌరవముగ వ్రాసినను అది ప్రభుత్వ కొలువు ఉత్తర్వు కానేరదు.

దీర్ఘకాలము పని చేసిన మాత్రమున తాత్కాలిక ఉద్యోగికి శాశ్వత హక్కు రాదని సుప్రీం కోర్టు 2006 ఏప్రిల్ 10 న ఉమాదేవి వ్యాజ్యమున తీర్పు చెప్పినది. ఆ తీర్పులో ఒక మినహాయింపు గలదు. మంజూరైన ఖాళీలో, తగిన యోగ్యత గలిగి, కోర్టు ఉత్తర్వుల అండ లేకయే పదేండ్లకు పైగా పనిచేసినవారి విషయమును ఒక్కసారికి పరిశీలింపవచ్చునని చెప్పిరి. సభ్యులు ఇందలి మాటను గమనింపవలెను. మినహాయింపు సైతము యోగ్యత గలవారికే. యోగ్యత లేనివాని పదేండ్ల సేవకు ఆ వాకిలియు తెరువబడలేదు.

ఇక కొలువులో నున్నవారి మాట. చట్టము వచ్చునాటికి యోగ్యత లేక పనిచేయుచున్న వారికి మొదట అయిదేండ్ల గడువిచ్చిరి. 2017 లో చట్టమును సవరించి ఆ గడువును 2019 మార్చి 31 వరకు పొడిగించిరి. దేశములోని లక్షలాది ఉపాధ్యాయులు, అందు ప్రయివేటు బడులవారును, జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ నడిపిన డిప్లొమాను ఆ కాలమున చదివిరి.

2025 సెప్టెంబరు 1 న సుప్రీం కోర్టు మరియొక ముఖ్యమైన తీర్పు నిచ్చినది. విద్యా హక్కు చట్టమునకు ముందు నియమింపబడినవారైనను, పదవీ విరమణకు అయిదేండ్లకు మించి సేవ మిగిలియున్నచో, రెండేండ్లలో టెట్ ఉత్తీర్ణులు కావలెనని ఆ తీర్పు చెప్పినది. కానివారిని నిర్బంధ విరమణ చేయించి, వారికి చెందవలసిన విరమణ లాభముల నీయవచ్చును. అయిదేండ్లకు తక్కువ సేవ గలవారు టెట్ లేకయే కొనసాగవచ్చును గాని పదోన్నతికి అర్హులు కారు. అల్పసంఖ్యాకుల విద్యాసంస్థల ప్రశ్నను విస్తృత ధర్మాసనమునకు నివేదించిరి. మన ఊరి బడిలో ఇరువది యేండ్లుగా పాఠము చెప్పుచున్న మేస్టరుగారికిని ఈ తీర్పు తాకవచ్చును. వారిని చులకనగా మాటలాడక, పరీక్షకు సిద్ధపడుటకు తోడ్పడుట గ్రామము ధర్మము. దీనిపై వచ్చు తదుపరి ఉత్తర్వులను మండల విద్యాశాఖాధికారి నడిగి తెలిసికొనవలెను.

బి.ఎడ్. విషయమును గూడ ఇచ్చట చెప్పవలెను. పెద్ద చదువు గదా, చిన్న తరగతులకు ఇంకను మేలు గదా యని మన యువకులు పలువురు పొరబడుదురు. 2018 లో బి.ఎడ్. వారికి ప్రాథమిక తరగతులకు అవకాశమిచ్చిన ప్రకటనను సుప్రీం కోర్టు 2023 ఆగస్టు 11 న సమర్థింపలేదు. చిన్న బిడ్డలకు చెప్పు విద్య వేరు, దానికి వేరు శిక్షణ కావలెనని దాని భావము. కావున ప్రాథమిక బడిలో కొలువు కోరువారు డి.ఎల్.ఎడ్. మార్గమునే ఎన్నుకొనవలెను. శ్రీకాకుళం జిల్లా వమరవల్లిలో ప్రభుత్వ జిల్లా విద్యా శిక్షణ సంస్థ గలదు.

ఏజెన్సీ గ్రామములు

సీతంపేట, కురుపాం, గుమ్మలక్ష్మీపురం ప్రాంతములు 2022 ఏప్రిల్ నుండి పార్వతీపురం మన్యం జిల్లాలో చేరినను, వాని సమస్య మన రెండు జిల్లాల చరిత్రలోనిదే. కొండ గ్రామమున బిడ్డ ఇంటిలో సవర మాటలాడి బడిలో తెలుగు వినును. ఈ కష్టమును మొదట గ్రహించినవారు గిడుగు రామమూర్తి పంతులుగారు. ముఖలింగము సమీపమున పర్వతాలపేటలో 1863 లో జన్మించిన వారు, పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగ నుండి, సవర భాషను నేర్చి, సవరలకు బడులు పెట్టించి, వారి భాషలోనే చదువు చెప్పించిరి.

షెడ్యూల్డు ప్రాంతములలో ఉపాధ్యాయ పదవులన్నిటిని స్థానిక గిరిజనులకే కేటాయించుచు 2000 జనవరి 10 న వెలువడిన 3వ నంబరు ఉత్తర్వును సుప్రీం కోర్టు రాజ్యాంగ ధర్మాసనము 2020 ఏప్రిల్ 22 న కొట్టివేసినది. అంతకు ముందు నియమింపబడినవారిని షరతులతో కాపాడినది. స్థానికులను కొలువునకు చేర్చు మార్గము ఇట్లు ఇరుకైనందున, కొండ గ్రామపు యువతకు యోగ్యతా పత్రము మునుపటికంటె అవసరమైనది. బిడ్డ భాష నెరిగిన స్థానిక యువతికి శిక్షణయు, పత్రమును చేకూరినచో ఆమెకంటె తగిన ఉపాధ్యాయిని దొరకుట కష్టము. భాష యుండి పత్రము లేనిచో ఆమె జ్ఞానము బడికి చేరదు.

ప్రయివేటు బడులు

యోగ్యతా నియమము ప్రభుత్వ బడులకు మాత్రమే యను భ్రమ గలదు. అది గుర్తింపు పొందిన ప్రయివేటు పాఠశాలలకును వర్తించును. మరియు, 1982 నాటి ఆంధ్రప్రదేశ్ విద్యా చట్టము 79వ విభాగము ప్రకారము, ప్రయివేటు సంస్థలోని ఉపాధ్యాయుని ఆరోపణలు తెలిపి, విచారణ జరిపి, సమాధానము చెప్పుకొను అవకాశమిచ్చిన గాని తొలగింపరాదు. అయితే వ్రాతపూర్వకమైన నియామక పత్రము లేని వారు ఈ రక్షణను కోరుటెట్లు? మాట మీద చేరి, మాట మీద పోవువారే పల్లెలలో ఎక్కువ. యోగ్యతా పత్రము లేనివారు నియామక పత్రము నడుగ వెనుదీయుదురు. యజమానులు ఆ భయమును తమ లాభమునకు వాడుకొందురు. ఇట్లు ఒక పత్రము లేమి మరియొక పత్రము లేమికి దారితీయును.

పంచాయతీ సభ్యులు చేయదగిన పనులు

1. విద్యా హక్కు చట్టము 21వ విభాగము ప్రకారము ప్రతి ప్రభుత్వ పాఠశాలకు యాజమాన్య సంఘముండవలెను. అందు నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు, సగము మంది స్త్రీలు. స్థానిక సంస్థ సభ్యులకును అందు చోటు గలదు. ఆ సమావేశములకు విధిగా పోవలెను.

2. విద్యార్థుల సంఖ్యను, ఉపాధ్యాయుల సంఖ్యను ఏటేట సరిచూచి, ఖాళీ యున్నచో తీర్మానము చేసి మండల విద్యాశాఖాధికారికి వ్రాతమూలకముగ తెలుపవలెను. ఖాళీని మరుగుపరచి చందాలతో నడుపుట వలన ఖాళీ ఉన్నట్లే ప్రభుత్వమునకు తెలియదు.

3. అత్యవసరముగ ఊరివారు ఎవరినైన తోడుగ పెట్టుకొన్నచో, ఇది తాత్కాలికమనియు, దీనివలన హక్కు రాదనియు మొదటి దినముననే స్పష్టముగ చెప్పి, వ్రాసి యీయవలెను. వెంటనే శిక్షణలో చేరుటకు ప్రోత్సహింపవలెను.

4. శిక్షణ కళాశాలలో చేరబోవువారు ఆ కళాశాలకు జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి గుర్తింపు గలదో లేదో ముందుగ విచారింపవలెను. గుర్తింపు లేని సంస్థ ఇచ్చిన పత్రము ప్రభుత్వ కొలువునకు చెల్లదు. ఫీజు పోవును, కాలము పోవును.

5. ప్రయివేటు బడిలో చేరువారిని నియామక పత్రము నడిగి తీసికొనుమని చెప్పవలెను. అందు పదవి, జీతము, కాలపరిమితి, తొలగింపు నోటీసు స్పష్టముగ నుండవలెను.

6. ఉపాధ్యాయులను బోధనేతర పనులకు పిలువరాదు. జనాభా లెక్కలు, విపత్తు సహాయము, ఎన్నికల పనులకు మాత్రమే చట్టము 27వ విభాగము అనుమతించుచున్నది.

ఇందు పంచాయతీ నిధిపై భారము వేయునట్టి పని ఏదియు లేదు. కావలసినది తెలివిడి, సకాలమున చెప్పు ఒక మాట. పైన చెప్పిన నాగావళి యొడ్డు గ్రామమున ఆ మాట చెప్పువారుండినచో, ఆ కోడలు అయిదవ యేట ఖాళీ చేతులతో సర్పంచిగారి వాకిట నిలువక, ఎంపిక పరీక్ష వ్రాయుటకు పోవు వారిలో ఒకతెగా నుండెడిది. మీ గ్రామమున అట్టి యువతి గాని యువకుడు గాని బడిలో తోడుగ పనిచేయుచున్నచో, ఈ సంచిక చదివి ముగించిన దినముననే వారిని పిలిచి, వారి యొద్ద ఏ పత్రములున్నవో అడిగి, లేనిదేదో చెప్పుడు. అది వారికి మేలు, వారి చేతిలోని బిడ్డలకు మేలు.